నడకయు నొక చికిత్సయే



ఇంటి పెద్దకు మధుమేహమో రక్తపు పోటో కలదని తెలిసినంతనే, మన పల్లెలలో పిల్లలు మంచము వాల్చి, ఇక కదలవద్దని బ్రతిమాలుదురు. ప్రేమతో చేయు నీ యుపచారము హితమా, యహితమా? వైద్యచరిత్రమును విచారింతము.

సుశ్రుతసంహితలో ప్రమేహ చికిత్సను జెప్పుచు, ధనహీనుడగు రోగి చెప్పులును గొడుగును లేక, భిక్షాన్నము దినుచు, ఊరి కొక్క రాత్రి మాత్రమే నిలిచి, నూరామడలో యంతకు మించియో నడవవలెనని విధింపబడినది. నూయి త్రవ్వుటయు నందు చికిత్సయే. అయితే కృశించిన రోగిని సర్వదా కాపాడవలెనని యచ్చటనే హెచ్చరిక కలదు. వ్యాయామము బలములో సగము మేరకే చేయదగునని యా గ్రంథమే వేరొకచోట నిర్ణయించినది.

ఆంగ్ల వైద్యుడగు విలియం హెబర్డెను గ్రంథము 1802లో వెలువడినది. గుండెనొప్పి గల యొకడు దినమున కరగంట కట్టెలు కోయుచు, ఇంచుమించు స్వస్థుడయ్యెనని యందు గలదు. కాని యీ మాట మరుగుపడెను. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున గుండెపోటు వచ్చినవారిని వారముల తరబడి మంచముపై కదలనీయక యుంచిరి. 1952లో అమెరికా వైద్యులు లెవిన్, లౌన్ అనువారు అట్టి రోగులను త్వరలోనే కుర్చీలో గూర్చుండబెట్టి, అది మేలేయని ప్రకటించిరి.

మరుసటి యేడు, 1953లో, లండను నగరపు బస్సు పనివారిని గూర్చి జెరీ మోరిస్ అను వైద్యుని పరిశోధన ప్రకటితమయ్యెను. అచ్చటి బస్సులకు రెండంతస్తులు. డ్రైవరు దినమెల్ల గూర్చుండెడివాడు. కండక్టరు టిక్కెట్ల కొఱకు మెట్లెక్కుచు దిగుచుండెడివాడు. ఇరువురును తిరిగినవి యొకే వీధులు. అయినను కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినను తీవ్రత తక్కువ. శరీరశ్రమకు వైద్యశాస్త్రమున మరల గౌరవము గలుగుటకు ఈ పరిశోధన తోడ్పడెను. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మధుమేహము, రక్తపు పోటు గలవారికిని వారమునకు కనీసము 150 నిమిషముల మితశ్రమను సూచించినది. అంత చేయజాలనివారు శక్తికొలది చేసినను మేలే.

అయినను ప్రాచీనుల ప్రతి మాటయు యథాతథముగా గ్రహింపరాదు. మధుమేహము ముదిరినచో పాదములకు స్పర్శ తగ్గును. ముల్లు నాటినను తెలియదు. కావున చెప్పులు లేక నడవరాదు. నడచుచున్నాము గదా యని మందులు మానరాదు. ఇన్సులిను తీసికొనువారు కొంచెము బెల్లము వెంట నుంచుకొనవలెను. నడకలో రొమ్మునొప్పి తోచినచో వెంటనే నిలిచి వైద్యుని సహాయము పొందవలెను.

చెరువుగట్టు వఱకు నడచివత్తునను తాతను ఇంటివారు వారింపక, చెప్పులు తెచ్చి యిత్తురు గాక!