గాలపు కర్ర కథా కమామీషు

మొన్న వైశాఖమాసంలో వచ్చిన గాలివానకి మా పెరట్లో రెండు మామిడికొమ్మలూ, ఒక గాలపు కర్రా విరిగాయి. కొమ్మల సంగతి ఇంటిల్లిపాదీ రెండు రోజులు చెప్పుకున్నారు. కర్ర సంగతి నేనొక్కణ్ణే చెప్పుకున్నాను. తలుపు వారగా నిలబెట్టిన కర్ర కొస ద్వారబంధంలోకి ఒరిగి ఉండగా గాలికి తలుపు ధడాలున మూసుకుంది. కొసనుంచి జానెడు మేర పుటుక్కుమంది. ఇరవైరెండేళ్ళుగా గోదావరి కాలవ గట్టున నాతో పాటు కూర్చున్న కర్ర అది.

"పోనీలెండి, ఇకనించి బజార్లోనే తెచ్చుకుందాం" అంది మా ఆవిడ. ఆ మాటలో సానుభూతి ఎంతో, ఊరట ఎంతో నేను తేల్చుకోలేకపోయాను. కొత్తది కొనాలన్నాను. ఎంతవుతుందని అడిగింది. రెండువేలు దాటదన్నాను.

"రెండువేలకి ఎన్ని కొరమీనులొస్తాయో ఎప్పుడైనా లెక్కేశారా?"

వేశాను. అందుకే జవాబు చెప్పలేదు.

రెండువేలనేది గాలపు కర్రల విషయంలో మహా ఇబ్బందైన మొత్తం. అందులో నాలుగోవంతుకి వచ్చే కర్రా ఉంది, దానికి ఇరవైరెట్లు పోసి కొనవలసిన కర్రా ఉంది. అంగడివాడు మూడు రకాలు బల్లమీద పరిచాడు. ఒకటి ఫైబర్‌గ్లాసు, ఒకటి కార్బన్, మూడోది ఆ రెండూ కలిసినది. మూల గోడకి ఆనించి, ఎవరూ అడగని నాలుగో రకం కూడా ఉంది. అది వెదురు. "ఏది మంచిదోయ్?" అంటే "మీ బడ్జెట్‌ని బట్టి సార్" అన్నాడు. వేదాంతులు కూడా ఇంత తేలిగ్గా తప్పించుకోరు. ఆలోచించుకుని వస్తానని ఇంటికొచ్చేశాను.

కొనేముందు పుస్తకాలు తిరగెయ్యడం నాకు పాత జబ్బు. ఈసారి ఆ జబ్బువల్ల తేలిందేమంటే, గాలపు కర్ర చరిత్రని నడిపించింది మహా వేటగాళ్ళు కాదు. కర్ర విరగ్గొట్టుకుని, కావలసినది దొరక్క, చేతికందిన దానితో సరిపెట్టుకున్న నాబోటివాళ్ళు.

ఈజిప్టులో బెనీ హసన్ అనేచోట, దాదాపు నాలుగువేల ఏళ్ళనాటి సమాధుల గోడలమీద కర్ర పట్టుకుని చేపలు పడుతున్న మనిషి బొమ్మ ఉంది. క్రీస్తుశకం 200 ప్రాంతాల్లో ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియావాళ్ళ వేట గురించి రాస్తూ, కర్ర ఆరడుగులు, దారమూ ఆరడుగులే అన్నాడు. అంటే దారం కర్ర కొసకి కట్టేసి ఉండేదన్నమాట. మా కాలవ గట్టున పిల్లలు ఇవాళ్టికీ పట్టేది అలాగే. దారం చుట్టుకునే రీలు చైనావాళ్ళ బుర్రలో పుట్టినట్టుంది. 12వ శతాబ్దం చివర మా యువాన్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మలో, చలికాలపు చెరువు మధ్య చిన్న పడవలో కూర్చున్న ముసలాయన కర్రకి రీలు స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన భార్య ఏమనేదో బొమ్మలో లేదు.

అసలు రుచికరమైన ఘట్టం 1496లో వస్తుంది. ఆ ఏడు ఇంగ్లండులో వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు గాలపు వేట గురించి ఒక చిన్న గ్రంథం అచ్చేశాడు. జులియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని ప్రతీతి. విద్వాంసులకి ఆవిడ ఉన్నదన్న నమ్మకమే లేదు, అది వేరే సంగతి. అందులో కర్ర తయారీ మన వంటల పుస్తకంలో ఆవకాయ పెట్టే విధానం రాసినట్టు రాశారు. చలికాలంలో హేజెలో విల్లోనో చెట్టునుంచి చెయ్యంత లావు కొమ్మ కొట్టాలి. పొయ్యిలో కాచి తిన్నగా సాగదీయాలి. నెల్లాళ్ళు ఆరబెట్టాలి. ఎర్రగా కాల్చిన ఇనపచువ్వతో లోపలి బెండు తొలిచెయ్యాలి. మళ్ళీ పొగమీద ఆరబెట్టాలి. పైభాగానికి వేరే చెట్ల సన్నటి పుల్లలు అతికి, నడిచి వెళ్ళేటప్పుడు ఆ పైభాగాన్ని కింది బోలు కర్రలోకి దోపుకోవాలి. అప్పుడది చూసేవాళ్ళకి మామూలు చేతికర్రలాగే ఉంటుంది, తమరు ఏ పనిమీద వెడుతున్నారో ఎవరికీ తెలియదు అని ఆ గ్రంథం భరోసా ఇస్తుంది. అయిదువందల ఏళ్ళ కిందట కూడా చేపలవేటకి పోయేవాడు అది దాచుకోవలసిన పనే అనుకున్నాడంటే నా మనసుకి ఎంత ఊరటో మీరే ఊహించుకోండి.

గమనించారో లేదో, అందులో ఖర్చు మాట లేదు. చెట్టు పెరట్లోదే, పొయ్యి ఇంట్లోదే. కొస విరిగితే మళ్ళీ చలికాలం దాకా ఆగితే చాలు. డబ్బు మాట తరవాత వచ్చింది, ఓడలతో పాటు వచ్చింది. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లీషువాళ్ళ గాలపు కర్రని విప్పి చూస్తే వాళ్ళ సామ్రాజ్యం పటం కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలోని గయానా నుంచి గ్రీన్‌హార్ట్ అనే బరువైన కలప, వెస్టిండీస్ నుంచి లాన్స్‌వుడ్, అమెరికానుంచి హికరీ. ఇక కొసకి, తేలికగా ఉండి విల్లులా వంగి మళ్ళీ లేచే కొసకి, మన దేశంనుంచి వెదురు.

దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'కలకత్తా కేన్'. కలకత్తా రేవులో ఓడ ఎక్కింది గనక ఆ పేరు. కలకత్తా బజార్లో పండిందని ఎవరైనా అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. అది పోలీసువాళ్ళ లాఠీలకి వాడే గట్టివెదురు. మనవాళ్ళు సాధనపు వెదురంటారు. బోలు తక్కువ, బలమెక్కువ. మన నల్లమలలోనూ, ఏజెన్సీ కొండల్లోనూ కూడా పుష్కలంగా పెరిగే జాతే. పుస్తకాల్లో ఇది చదివినప్పుడు అంగడిలో మూల నిలబడి ఉన్న ఆ నాలుగో కర్ర జ్ఞాపకం వచ్చి కొంచెం సిగ్గేసింది.

ఈ వెదురుని అలాగే వాడకుండా చీల్చి వాడాలన్న ఆలోచన 1840ల్లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊళ్ళో, శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడికి వచ్చింది. వెదురు బలమంతా పైతొక్కలోనే ఉంటుంది. లోపలిది ఉత్త నింపుడు. అందుకని గట్టి పైపొర ఉన్న సన్నని బద్దలు చీల్చి, అంచులు కోణంగా చెక్కి, జిగురుపెట్టి అతికితే ఎటు వంచినా ఒకే బలం. కాలక్రమాన ఆరు బద్దల కర్ర స్థిరపడింది. అడ్డంగా కోస్తే తేనెపట్టు గదిలా షట్కోణం కనిపిస్తుంది. మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లెనర్డ్ 1870ల్లో బద్దలు చెక్కడానికి యంత్రమే కట్టాడు. ఆయనా తుపాకుల పనివాడే. ఇంగ్లండులో 1872లో ఆనిక్ ఊళ్ళో మొదలైన హార్డీ కంపెనీ కూడా తుపాకుల దుకాణంగానే మొదలయింది. లోహం, కర్ర రెండూ తెలిసి, వెంట్రుకవాసి తేడా పట్టుకోగల చేతులు అప్పట్లో వాళ్ళవే మరి.

మన వెదురు మన దగ్గరున్న దొరలకి తెలియలేదా అంటే తెలిసింది. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, దక్షిణ కెనరా కలెక్టరు అయిన హెచ్.ఎస్. థామస్ 1873లో మంగుళూరులో 'ది రాడ్ ఇన్ ఇండియా' అని ఒక పుస్తకం అచ్చేశాడు. ముఖ్యంగా మహసీర్ చేపమీద ప్రేమతో రాసినది. 1887లో మన చెరువుల్లో గాలం వెయ్యడం గురించే ఇంకో పుస్తకం రాశాడు. కలెక్టరుగారు కచేరీ పని ముగించుకుని, చెరువుగట్టున బెండు మునిగేదాకా చూస్తూ కూర్చున్నారంటే ఏ అర్జీదారుడూ నమ్మి ఉండడు.

అయితే కలకత్తా కేన్ వైభవం ఎంతోకాలం నిలవలేదు. పురుగు పట్టిన గెడలు, కాల్చిన మచ్చలున్న గెడలు ఎక్కువ వస్తున్నాయని కర్రలు చేసేవాళ్ళు గొణిగేవారు. 20వ శతాబ్దం మొదట్లో చైనానుంచి వేరే వెదురు వచ్చి దాన్ని పక్కకి నెట్టేసింది. 'టాంకిన్ కేన్' అని దాని పేరు. టాంకిన్ వియత్నాంలో ఉంది, ఆ వెదురు మాత్రం చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో నది ఒడ్డు కొండలమీద పెరుగుతుంది. పేరు పెట్టడంలో వర్తకులెప్పుడూ ఇంతే. 1931లో మెక్‌క్లూర్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త దానికి లాటిన్‌లో 'అమాబిలిస్' అని నామకరణం చేశాడు. 'ముద్దొచ్చేది' అని అర్థం. గడ్డిజాతి మొక్కకి అంత గోముగా పేరుపెట్టాడంటే ఆయన చేతిలోనూ ఎప్పుడో ఒక గాలపు కర్ర ఉండే ఉంటుంది.

రెండో ప్రపంచయుద్ధంలో ఆ చైనా వెదురు రావడం ఆగిపోయింది. అప్పుడే, 1944లో, ప్లాస్టిక్ పరిశ్రమలో పనిచేసే ఆర్థర్ హోవాల్డ్ అనే అమెరికన్ సెలవులకి మిషిగన్ వెళ్ళి చేపలు పడుతూ తన వెదురు కర్ర కొస విరగ్గొట్టుకున్నాడని చెబుతారు. సరిగ్గా నాలాగే. కొత్త కొస కొందామంటే వెదురు లేదు. నేనైతే నిట్టూర్చి ఊరుకునేవాణ్ణి. ఆయన తన కార్ఖానాలో ఉన్న గాజునార తీసుకుని, ఒక సన్నని పుల్ల చుట్టూ పొడుగునా పరిచి, జిగురురసంతో బిగించి సొంతంగా కొస చేసుకున్నాడు. అది వంగింది, లేచింది, విరగలేదు. 1947కల్లా షేక్స్‌పియర్ కంపెనీ (నాటకాల ఆయనకీ దీనికీ బంధుత్వం లేదు) ఆ పద్ధతిలో 'వండర్‌రాడ్' పేరుతో కర్రలు బజార్లోకి దించింది. 1950 చివర్లో అమెరికా చైనాతో వర్తకం మొత్తం నిషేధించేసరికి వెదురు కర్రల పనివాళ్ళు చాలామంది దుకాణాలు కట్టేశారు. నిషేధం 1971లో తొలిగింది గాని, అప్పటికి ఒక తరం పిల్లలు ఫైబర్‌గ్లాసుతోనే పెరిగి పెద్దవాళ్ళయిపోయారు. వెదురు చవకరకం బతుకునుంచి షోకు బతుకులోకి వెళ్ళిపోయింది. ఇవాళ మంచి చీలికవెదురు కర్ర కొనాలంటే నా రెండువేలు దాని సంచీకి కూడా చాలవు.

కార్బన్ కథ పొట్టిది. 1960ల్లో ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయంలో గట్టి కార్బన్ నార తయారుచేశారు. రోల్స్‌రాయిస్ వాళ్ళు దాంతో విమానం ఇంజనుకి పంఖా రెక్కలు చేద్దామనుకున్నారు. పక్షి వచ్చి తగిలితే తట్టుకుంటుందా లేదా అన్న పరీక్షలో ఆ రెక్కలు నిలవలేదు. 1971లో కంపెనీ దివాలాకి దారితీసిన ఖర్చుల్లో ఆ ప్రయోగం కూడా ఒకటి. పక్షికి ఓడిన ఆ నారే చేపమీద గెలిచింది. 1973లో ఫెన్విక్ అనే అమెరికన్ కంపెనీ కార్బన్ కర్రలు అమ్మకానికి పెట్టింది. గాజునారకంటే ఎంతో తేలిక, ఎంతో బిగువు.

ఇంత చదివి మళ్ళీ అంగడికి వెళ్ళాను. ఈసారి నా చూపే వేరు. కార్బన్ కర్ర పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంది. నా కుడిభుజం నెప్పికి అది వరమే. కాని నా ధరలో వచ్చే పల్చటి కార్బన్ గొట్టం రాయికి తగిలిందంటే, బయటికి కనబడని బీట పడి, పెద్దచేప పడిన రోజునే విరుగుతుంది. పైగా కార్బన్‌లో కరెంటు పారుతుంది. మా కాలవ మీదుగా పోయే కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో మా వీధివాళ్ళందరికీ తెలుసు. ఫైబర్‌గ్లాసు కర్ర మా పెద్ద కోడలి స్వభావం. ఎంతకైనా ఓర్చుకుంటుంది, బరువు మాత్రం బరువే.

చివరికి రెండూ కలిసిన ఏడడుగుల కర్ర, రెండు ముక్కలది, చేతిలోకి తీసుకున్నాను. కొస పైకప్పుకి ఆనించి మెల్లగా నొక్కాను, వంపు ఎక్కడా మెలిక లేకుండా వచ్చింది. అతుకు బిగించి విదిలించాను, టకటక లేదు. జేబులోంచి దూదిపింజ తీసి దారం వెళ్ళే రింగులన్నింట్లోంచి లాగాను. రింగులో గీత ఉంటే దూదిపోగు తగులుకుంటుంది, అలాంటి గీతే తర్వాత దారాన్ని కోసేస్తుంది. మూడో రింగులో తగులుకుంది. వేరేది తెమ్మన్నాను. అంగడివాడు మొదటిసారి నన్ను మనిషిలా చూశాడు. పెట్టెమీద చైనా ముద్ర ఉంది. కలకత్తా కేన్ పోయి టాంకిన్ కేన్ వచ్చినప్పటి లెక్క ఇంకా అలాగే ఉందన్నమాట.

"కొస ముక్క విడిగా దొరుకుతుందా?" అని అడిగాను.

"దొరకదు సార్. విరిగితే కొత్తది తీసుకోవడమే."

బస్సులో దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, పక్కవాళ్ళ చేత నానా మాటలూ పడి ఇల్లు చేరాను. ఇప్పుడది అటక మీద, తలుపులకి దూరంగా ఉంటోంది. మా ఆవిడకి పదిహేనువందలని చెప్పాను. ఈ వ్యాసం అచ్చయిన వారం పత్రిక ఇంటికి రాకుండా ఏంచెయ్యాలా అని ఆలోచిస్తున్నాను.