సిగపూవు సాక్ష్యం: ర్యాలి, పలివెల స్థలపురాణాల్లో కేశపరిమళం, స్త్రీ వ్యక్తిత్వం

వ్యాససంగ్రహం: కోనసీమలోని ర్యాలి, పలివెల క్షేత్రాల స్థలపురాణాలు రెండూ స్త్రీ సిగలోని పూవు చుట్టూ అల్లుకున్నవే. ఒకచోట సిగ నుండి రాలిన పూవును శివుడు వాసన చూస్తాడు. మరొకచోట సిగలో తురిమిన పూలదండ రాజు చేతికి ప్రసాదంగా చేరుతుంది. ఆ పూలు ధరించిన స్త్రీల వ్యక్తిత్వాన్ని ఈ కథలు ఎలా నిర్ణయించాయో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: కోనసీమ, స్థలపురాణం, కేశపరిమళం, జగన్మోహిని, కొప్పులింగేశ్వరుడు, కళావంతులు

1. ఉపోద్ఘాతం

స్త్రీల కురులకు పరిమళం సహజమా, పూలవల్ల వచ్చినదా అనే ప్రశ్న తెలుగు సాహిత్యంలో ఒక ప్రసిద్ధ వివాదానికి మూలం. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని నత్కీరుని కథకు ఇదే ఆధారం. కురులకు సహజపరిమళం ఉందన్న శివుని పద్యాన్ని పాండ్యరాజసభలో నత్కీరుడు తప్పుపట్టి, శాపానికి గురవుతాడు. పైకి ఇది కవిసమయానికి సంబంధించిన చర్చ. లోతుగా చూస్తే స్త్రీ వ్యక్తిత్వానికి సంబంధించిన చర్చ కూడా. పరిమళం సహజమైతే అది ఆమె స్వభావానికి గుర్తు. పూలవల్ల వచ్చినదైతే ఎరువు తెచ్చుకున్న సొమ్ము.

కాళహస్తి కథలో వాదంగా సాగిన ఈ ప్రశ్నే కోనసీమ స్థలపురాణాల్లో సంఘటనగా మారింది. స్థలపురాణాన్ని జరిగిన చరిత్రగా తీసుకోలేము. అయితే ఒక సమాజం దేనిని నమ్మదగినదిగా భావించిందో, దేనిని క్షమించదగినదిగా తలచిందో తెలిపే ఆధారంగా దానికి చారిత్రక విలువ ఉంది.

2. ర్యాలి: పూవు చెప్పిన రహస్యం

ఆత్రేయపురం మండలం ర్యాలిలోని జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఏకశిలా నిర్మితం. ముందువైపు శంఖచక్రాలు ధరించిన కేశవుడు, వెనుకవైపు సిగతో మోహిని. క్షీరసాగర మథనానంతరం మోహినిని వెంబడించిన శివుడు, ఆమె సిగ నుండి రాలిన పూవును తీసి ఆఘ్రాణించగా, ఎదుట విష్ణువు ప్రత్యక్షమయ్యాడని స్థలపురాణం. పూవు ‘రాలి’న చోటు కనుక ర్యాలి అయిందని జనవ్యుత్పత్తి. ఎదురుగా శివుడు ఉమాకమండలేశ్వరునిగా వెలసి ఉండటం ఈ కథకు ఆలయరూపమిచ్చింది.

గమనించవలసినది సంఘటనల వరుస. శివుని మోహం కంటితో మొదలై, వాసన చూడటంతో ముగిసింది. రూపం భ్రమింపజేయగా, సిగపూవు సత్యాన్ని తెలిపింది. విగ్రహం వెనుకభాగాన కాలిపై ఉన్న పుట్టుమచ్చను పద్మినీజాతి స్త్రీ లక్షణంగా అర్చకులు చూపుతారు. కొక్కోకుని రతిరహస్యం ప్రకారం పద్మిని దేహానిది తామరపూల పరిమళం. అంటే శిల్పంలోని ఆనవాలూ కథలోని పూవూ ఒకే మాట చెబుతున్నాయి: ఈమె పరిమళం ఈమెదే. నత్కీరుని ప్రశ్నకు ర్యాలి ఇచ్చిన సమాధానం శివుని పక్షమే.

3. పలివెల: పూలదండలో వెంట్రుక

కొత్తపేట మండలం పలివెలలో శివుడు ఉమాసమేత కొప్పులింగేశ్వరుడు. లింగం పైభాగాన కొప్పు ఆకారం కనిపిస్తుంది. ఒక వేశ్యను ప్రేమించిన అర్చకుడు స్వామి పూలదండను ఆమె సిగలో అలంకరించి, దానినే రాజుకు ప్రసాదంగా ఇచ్చాడని, అందులో పొడవైన వెంట్రుకను చూసి రాజు నిలదీయగా స్వామికే కొప్పు ఉందని బొంకాడని, అతని మొర విని శివుడు నిజంగానే కొప్పు ధరించాడని ప్రసిద్ధమైన కథ.

ఇక్కడ నేరం రెండంచెలది. వాడిన పూలు పూజకు, ప్రసాదానికి పనికిరావన్నది ఆలయనియమం. ఆ పూలు ధరించినది వేశ్య కావడం మరొకటి. శివుడు రెండింటినీ దాచాడు. అర్చకుని అబద్ధాన్ని నిజం చేయడానికి ఆమె ఆనవాలును తన శిరస్సున పెట్టుకున్నాడు. అర్చకుడు రక్షింపబడ్డాడు, రాజు సంతృప్తి చెందాడు, దేవునికి కొత్త పేరు వచ్చింది. ఎవరి సిగ వల్ల ఇదంతా జరిగిందో ఆ స్త్రీ మాత్రం కథలో ఒక్క మాటైనా పలకదు.

4. గోదాదేవితో పోలిక

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోనూ ఇదే సన్నివేశం ఉంది. గోదాదేవి తాను ముడిచి విడిచిన మాలలనే రంగనాథుడు కోరుకున్నాడు. కావ్యం పేరే ఆ చర్యను చెబుతుంది. నియమోల్లంఘన ఒక్కటే, ఫలితాలు వేరు. గోద దేవుని వధువై ఆళ్వారులలో చేరింది. పలివెల స్త్రీ పేరులేనిదిగా మిగిలింది. భేదం పూవులో లేదు, పరిమళంలోనూ లేదు. ఒకరి అలంకరణ భక్తిగానూ మరొకరిది వృత్తిగానూ చదవబడటంలోనే భేదం ఉంది.

5. కళావంతుల చరిత్రలో ఈ కథ స్థానం

గోదావరి డెల్టాలో ఆలయసేవ, మేజువాణి, భామాకలాపం కళావంతుల స్త్రీల వృత్తిజీవితంలో భాగాలు. దేవునికి అంకితమైన స్త్రీ నిత్యసుమంగళి. వైధవ్యం లేదు కనుక ఆమె సిగకు పూలు ఎన్నడూ దూరం కావు. వితంతువుకు పూలు నిషేధించిన సమాజంలోనే ఈ హక్కు ఆమెకు దక్కింది. ఆ పూలే ఆమెను కులస్త్రీల నుండి వేరుచేసే గుర్తుగా కూడా మారాయి. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం అంకితాన్ని నిషేధించి, ఆ స్త్రీలకు వివాహహక్కును గుర్తించింది. ఆలయప్రాంగణంలో వారి నృత్యాన్నీ నిషేధించింది. తరువాత ఆ కళ ఇళ్ళ నాలుగు గోడల మధ్య జ్ఞాపకంగా మిగిలిన తీరును దవేష్ సోనేజీ ‘అన్‌ఫినిష్డ్ జెస్చర్స్’ (2012) గ్రంథంలో నమోదు చేశారు. ఆలయసంబంధం గల స్త్రీ పోయి ఆమె గుర్తు మాత్రం దేవునిపై నిలిచిన పలివెల కథను ఈ చరిత్ర పక్కన ఉంచి చదవవలసి ఉంది.

6. ముగింపు

ర్యాలిలో సిగపూవు ధరించిన వ్యక్తి ఎవరో తెలియజేసింది. పలివెలలో ఆ తెలియజేయడమే ప్రమాదమైంది. దేవత పరిమళం సహజమని, వేశ్య పరిమళం దాచదగినదని కథలు నిర్ణయించాయి. అయినా జనస్మృతి పలివెల స్త్రీని పూర్తిగా చెరపలేదు. కొప్పులింగేశ్వరుడని పిలిచిన ప్రతిసారీ, పేరు తెలియని ఆ స్త్రీ కొప్పును భక్తులు తమకు తెలియకుండానే స్మరిస్తున్నారు. కోనసీమ స్త్రీల చరిత్రకు శాసనాలు, దస్త్రాలతో పాటు ఇటువంటి ఆనవాళ్ళనూ ఆధారాలుగా స్వీకరించాలి.