అత్తిరంపాక్కం: బంకమన్ను దాచిన ప్రాక్చరిత్ర

చరిత్రకు శాసనం ఎటువంటిదో, ప్రాక్చరిత్రకు మట్టిపొర అటువంటిది. లిపి పుట్టకముందు మానవుడు గడిపిన లక్షలాది సంవత్సరాల జీవితానికి అతడు చెక్కిన రాళ్లు, వాటిని కప్పిన మన్ను, ఆ మన్నులో మిగిలిన శిలాజాలు మాత్రమే సాక్ష్యాలు. వీటిలో రాతికి దక్కిన గౌరవం మట్టికి చాలాకాలం దక్కలేదు. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో జరిగిన పరిశోధనల చరిత్ర ఇందుకు నిదర్శనం.

1863 మే 30న భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు సమీపంలోని పల్లావరం వద్ద మానవుడు చెక్కిన ఒక రాతి పనిముట్టును గుర్తించారు. భారతదేశంలో పాత రాతియుగ పరిశోధనకు అదే నాంది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఆయన, సహచరుడు విలియం కింగ్‌తో కలిసి, అత్తిరంపాక్కం వాగు ఒడ్డున మరెన్నో పనిముట్లను కనుగొన్నారు. తరువాత 1884లో, నేటి నంద్యాల జిల్లాలోని బిలసర్గం గుహలలో జంతు శిలాజాల అన్వేషణ సాగించినవారు కూడా ఫుటే.

అత్తిరంపాక్కం చెన్నైకి వాయవ్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, కొసస్థలయార్ నదీ లోయలో ఉంది. తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణా జలాలు చేరే పూండి జలాశయం దీనికి చేరువలోనిదే. ఇక్కడ పైభాగాన కంకర పొరలు, వాటి దిగువన పలకలు పలకలుగా పేరుకొన్న బంకమన్ను కనిపిస్తాయి. 1930 దశకంలో వి. డి. కృష్ణస్వామి, 1960 దశకంలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఈ స్థలాన్ని పరిశోధించారు. అయితే అడుగున ఉన్న బంకమన్నును 10 కోట్ల సంవత్సరాలకు పైబడిన షేల్ శిలగా భావించారు. మానవజాతి అవతరణకు ఎంతో ముందు ఏర్పడిన శిలలో మానవుని పనిముట్లు ఉండే అవకాశం లేదు గదా! అందువలన ఆ పొర అన్వేషణకు అర్హమైనదిగా తోచలేదు.

చెన్నైలోని శర్మ సెంటర్ ఫర్ హెరిటేజ్ ఎడ్యుకేషన్ పక్షాన శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్, వారి సహచరులు 1999లో ప్రారంభించిన తవ్వకాలు ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేశాయి. షేల్ అనుకొన్నది నిజానికి నది తెచ్చి పరచిన ఒండ్రు. దానిలో క్వార్ట్‌జైట్ చేతిగొడ్డళ్లు, వెడల్పాటి అంచుగల నరుకురాళ్లు, చెక్కు పెచ్చులు 3,500కు పైగా లభించాయి. మెత్తని ఒండ్రును మోసుకొని వచ్చే నెమ్మదైన నీరు పెద్ద రాళ్లను తేలేదు. కనుక ఆ మన్నులోని పెద్ద రాళ్లను మానవులే మోసుకొని వచ్చి ఉండాలి. కంకర పొర ఈ మాట ఇంత నిశ్చయంగా చెప్పలేదు. నీటిదున్న, గుర్రం జాతులకు చెందిన శిలాజ దంతాలు, జంతువుల గిట్టల ముద్రలు కూడా ఈ తవ్వకాలలో బయల్పడ్డాయి. ఆనాటి పరిసరాలలో నీటి వసతి, విశాలమైన పచ్చిక బయళ్లు ఉండేవని వీటివలన తెలుస్తున్నది.

కాలనిర్ణయానికీ మన్నే ఆధారమైనది. ఒండ్రు పేరుకొన్ననాటి భూఅయస్కాంత దిశ అందులోని సూక్ష్మరేణువులలో నిలిచిపోతుంది. ఇక్కడి బంకమన్నులోని దిశ నేటి దిశకు విపరీతంగా ఉంది. భూఅయస్కాంత క్షేత్రం చివరిసారి తారుమారైనది సుమారు 7,80,000 సంవత్సరాల క్రితం. కాబట్టి ఈ పొర అంతకు పూర్వపుదే. రాతి పనిముట్లలోని అల్యూమినియం-26, బెరీలియం-10 అనే మూలకరూపాల నిష్పత్తిని కూడా శాస్త్రజ్ఞులు పరిశీలించారు. నేలమీద ఉన్నంతకాలం విశ్వకిరణాల తాకిడికి ఇవి రాతిలో పుడుతుంటాయి. రాయి లోతుగా పూడుకుపోయిన పిదప వేర్వేరు వేగాలతో క్షయిస్తాయి. వీటి లెక్క ప్రకారం పనిముట్లు పూడుకుపోయి సగటున 15 లక్షల సంవత్సరాలైనది. 2011లో ప్రకటితమైన ఈ ఫలితంతో దక్షిణ భారతం ప్రపంచ ప్రాక్చరిత్ర పటంలో విశిష్ట స్థానం పొందింది.

పై పొరలు మరొక ప్రశ్నను ముందుకు తెచ్చాయి. మట్టి రేణువులు చివరిసారి వెలుగు చూచిన కాలాన్ని కొలిచే పద్ధతి ద్వారా, ఇక్కడ మధ్య పాత రాతియుగ పనితనం సుమారు 3,85,000 సంవత్సరాల క్రితమే మొదలైనదని 2018లో వెల్లడైంది. ఆఫ్రికా నుండి తరలివచ్చిన ఆధునిక మానవులే ఈ పనితనాన్ని భారతదేశానికి తెచ్చారన్న వాదాన్ని ఇది పునఃపరిశీలనకు గురిచేసింది. అక్కడ మానవ శిలాజం లభించనందున ఆ పనివారు ఏ మానవజాతికి చెందినవారో నిర్ణయించడం సాధ్యం కాలేదు.

ఈ నిర్ధారణలన్నింటికీ మూలం ఒక్కటే: ప్రతి రాయీ ఏ పొరలో, ఏ లోతున ఉన్నదో నమోదు కావడం. అదే చేతిగొడ్డలిని ఎవరో కుతూహలంతో ఏరి ఇంటికి తీసుకొనిపోతే అది చూడముచ్చటైన రాయిగానే మిగులుతుంది. దాని వయస్సు, దాని పరిసరాలు, దానిని చెక్కిన మానవుని కథ మన్నులోనే ఉండిపోతాయి. కంకర కోసం, ఇటుకమట్టి కోసం సాగే తవ్వకాలలో రాయితోపాటు పొర కూడా నశిస్తుంది. శిథిలమైన ఆలయాన్ని పునరుద్ధరించవచ్చు. చెదిరిన మట్టిపొరను తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు. పురావస్తు తవ్వకాలకు అనుమతి, క్రమపద్ధతి కోరడంలోని అంతరార్థం ఇదే. 15 లక్షల సంవత్సరాలు సాక్ష్యాన్ని భద్రపరచిన మన్నును కాపాడుకోవడం నేటి తరం బాధ్యత.