స్టాటిక్ ప్రీరెండరింగ్, సర్వర్ సైడ్ రెండరింగ్

వెబ్ పేజీని ఎవరూ అడగకముందే తయారుచేసి ఫైలుగా ఉంచితే అది స్టాటిక్ ప్రీరెండరింగ్. అడిగిన ప్రతిసారీ సర్వర్ అప్పటికప్పుడు తయారుచేసి పంపితే సర్వర్ సైడ్ రెండరింగ్. పేర్లు ఈమధ్యవే అయినా రెండు పద్ధతులూ వెబ్ పుట్టిననాటివే. 1990లో జెనీవా దగ్గరి సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ నడిపిన తొలి సర్వర్ ఫైళ్లను చదివి పంపేది. మరుసటి ఏడే అక్కడి టెలిఫోన్ డైరెక్టరీ వెబ్‌కెక్కింది. అందులో పేరు అడిగితే మెయిన్‌ఫ్రేమ్ వెతికి జవాబు కూర్చి ఇచ్చేది. 1993లో సర్వర్ వేరే ప్రోగ్రామును నడిపి దాని జవాబు పంపే సీజీఐ పద్ధతి, 1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ పీహెచ్‌పీ భాష వచ్చాక ఇలా పేజీని అప్పటికప్పుడు కూర్చడం అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ఈ చరిత్రలో శ్రద్ధగా చూడవలసింది 2001లో బెన్, మీనా ట్రాట్ దంపతులు విడుదల చేసిన మూవబుల్ టైప్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్. అందులో రచనలు డేటాబేస్‌లో ఉంటాయి, పాఠకుడికి మాత్రం ముందే రాసిపెట్టిన హెచ్‌టీఎంఎల్ ఫైలు వెళ్తుంది. కొత్త టపా చేరితే దాని పేజీతోపాటు ముఖపుట, నెలవారీ పేజీ, వర్గాల పేజీలు కూడా తిరిగి రాయాలి. మూసలో చిన్న మార్పు చేసినా సైటంతా 'రీబిల్డ్' చేయాల్సిందే. పాత టపాలు పెరిగేకొద్దీ ఈ నిరీక్షణా పెరిగేది. వ్యాఖ్య వచ్చినా ఫైలు మళ్లీ రాయాలి కాబట్టి స్పామ్ వెల్లువెత్తినప్పుడు సర్వర్ కుదేలయ్యేది.

2003లో వచ్చిన మరో బ్లాగు సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌కు ఈ బాధ లేదు. ఎవరు తెరిచినా పీహెచ్‌పీ నడిచి డేటాబేస్ నుంచి పేజీని కూర్చుతుంది. 2004లో మూవబుల్ టైప్ లైసెన్సు షరతులు మారడంతో చాలామంది ఇటు వచ్చేశారు. ఆ వలసను స్టాటిక్ పద్ధతి ఓటమిగా చెప్పడం సరికాదు. జనం ఒక్కసారిగా విరుచుకుపడితే వర్డ్‌ప్రెస్ సైట్లూ ఆగిపోయేవి. అందుకు విరుగుడుగా వచ్చిన కాషింగ్ ప్లగిన్లు చేసింది తయారైన పేజీని ఫైలుగా దాచడమే.

2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ తెచ్చిన జెకిల్ అనే స్టాటిక్ సైట్ తయారీ సాధనంతో ఈ పద్ధతికి మళ్లీ ఆదరణ దక్కింది. ఆ తరవాత కొన్నేళ్లు పేజీ కూర్చే పని బ్రౌజర్‌కే అప్పగించే ధోరణి సాగింది. ట్విటర్ అలా చేసి, 2012లో ఆ పనిని తిరిగి సర్వర్‌కు తెచ్చింది. దాంతో పేజీ తెరుచుకునే సమయం ఐదో వంతుకు తగ్గిందని ప్రకటించింది. 2016లో వచ్చిన నెక్స్ట్.జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2020 నాటికి ఏ పేజీకి ఏ పద్ధతో విడివిడిగా ఎంచుకునే వీలు కల్పించింది. గడువు తీరిన స్టాటిక్ పేజీ ఒక్కదాన్నే మళ్లీ తయారుచేసే సౌకర్యమూ అప్పుడే వచ్చింది.

లాగిన్ అయినవారి ఖాతా పేజీకి సర్వర్ తయారీ నప్పుతుంది. ఇంటర్ ఫలితాల సంగతి వేరు. ఒక్కో హాల్‌టికెట్‌కు ఒక్కో పేజీ ముందే తయారుచేసి ఉంచవచ్చు, రీకౌంటింగ్‌లో మార్కులు మారినవారి పేజీలను మాత్రం మళ్లీ రాస్తే చాలు.