ఎరుకత, ఎరుకలసాని: ఓరుగల్లు నుడి ఆధారంగా అర్థవిచారం

జరగబోయేది చెప్పే స్త్రీకి తెలుగులో ఉన్న పాత పేర్లలో ఎరుకత, ఎరుకలసాని, సోదెకత్తె ముఖ్యమైనవి. వరంగల్ ప్రాంతంలో వీటికి తోడు శివసత్తి అనే మాట బలంగా నిలిచి ఉంది. వాడుకలో ఇవి పర్యాయపదాల్లా చెల్లిపోతున్నా వీటి పుట్టుకలు వేరు, వీటి వెనక ఉన్న విద్యలూ వేరు. ముఖ్యంగా, ఎరుకత అంటే ‘ఎరుక గలది’ అనే వ్యుత్పత్తి ఎంత ప్రచారంలో ఉన్నా, అది తర్వాత అతికిన అర్థమని నా అభిప్రాయం.

ఎఱుఁగు ధాతువు నుంచి వచ్చిన ‘ఎఱుక’ జ్ఞానం. పాత కావ్యభాషలోని ‘ఎఱుకు’ వేటాడి బతికే అడవి మనిషి. రెండింటిలోనూ బండి ఱయే ఉండటంతో అవి కలిసిపోవడం తేలికైంది. కానీ ప్రత్యయం గుట్టు విప్పుతుంది. బోయ స్త్రీ బోయత, చెంచు స్త్రీ చెంచెత. ఆ వరసలోనే ఎరుకత. చేసే పనిని బట్టి పేరు పెట్టినప్పుడు తెలుగు ‘కత్తె’ను చేర్చింది, సోదె చెప్పేది సోదెకత్తె అయింది. ఎరుక చెప్పడమే పేరుకు మూలమైతే ‘ఎరుకకత్తె’ రావలసింది. ఎరుకలసానిలో ‘సాని’ ఒక్కటే ఏదీ తేల్చదు, మంత్రసాని వంటి వృత్తినామాల్లోనూ అది ఉంది. దాని ముందున్న ‘ఎరుకల’ మాత్రం జాతిపేరే.

తిరుమల స్థలపురాణ కథ మరో ఆధారం. శ్రీనివాసుడు ఆకాశరాజు ఇంటికి మారువేషంలో వెళ్లినప్పుడు ధరించింది సంస్కృత కథనంలో పుళింద స్త్రీ రూపం. పుళిందులు కొండజాతి వారు. తెలుగు కథకులు ఆమెను ఎరుకలసానిని చేశారు. జాతికి జాతిని మార్చుకున్నారే గాని, విద్యను బట్టి పేరు పెట్టలేదు.

మరి జ్ఞానార్థం ఇంతగా ఎందుకు నాటుకుంది? దీనికి జవాబు ఓరుగల్లు నుడిలో దొరుకుతుంది. కోస్తాలో ‘తెలుసు’ అనే చోట ఇక్కడివారు ‘నాకెరుక’ అంటారు, ‘ఎరుకేనా?’ అని అడుగుతారు. రోజూ నోట నానే మాట కాబట్టి, వాకిట్లో నిలబడి ‘ఎరుక చెప్తానమ్మా’ అనే స్త్రీ పేరులో ఇక్కడి చెవికి ముందు వినిపించేది జ్ఞానమే. జనవ్యుత్పత్తి అని దీన్ని తీసిపారేయకూడదు. జాతిపేరుకు జనం ఒక గౌరవాన్ని జోడించారు.

అమరకోశం ఇలాంటి స్త్రీకి విప్రశ్నిక, ఈక్షణిక, దైవజ్ఞ అని మూడు పేర్లిచ్చింది. పురుష దైవజ్ఞుణ్ని క్షత్రియవర్గంలో, రాజాశ్రయంలో ఉండే జ్యోతిషికుడి పక్కన చేర్చి, స్త్రీని మనుష్యవర్గంలో సాధారణ స్త్రీల నడుమ ఉంచింది. విద్య ఒకటే అయినా ఆమెకు ఆస్థానంలో చోటు దక్కలేదు.

శివసత్తి సంగతి పూర్తిగా వేరు. ‘సత్తి’ శక్తికి వికృతి. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరల్లో పూనకంతో ఊగే శివసత్తి నోట పలికేది దేవతే అని భక్తుల నమ్మకం. అప్పుడు ‘నేను’ అంటే దేవత. ఎరుకలసాని అలా కాదు. దేవతలను తలచుకుని, చేయి చూసి, ఎదుటి మనిషి బతుకును తన మాటల్లో చెబుతుంది. ఒకరిది ఆవేశం, మరొకరిది పఠనం. ఇద్దరినీ ‘సోదె చెప్పేవారు’ అని ఒకే గాటన కట్టడం శాస్త్రీయం కాదు.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం క్రమంగా ఎరుకలవారినీ చుట్టుకుంది. ఊరూరా తిరిగి ఎరుక చెప్పడం కూడా పోలీసుల కళ్లకు అనుమానాస్పదమైంది. 1952లో ఆ చట్టం రద్దయినా, ఆ మచ్చ మాటను పూర్తిగా వదలలేదు. ఈనాడు షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్న ఆ సమాజానికి కుర్రు అనే సొంత భాష ఉంది. ఎరుకత, ఎరుకలసాని పదాలకు కొత్త ఆరోపాలు రాసే నిఘంటుకర్తలు జాతినామాన్ని మొదటి అర్థంగా, భవిష్యత్తు చెప్పే స్త్రీని రెండో అర్థంగా ఇచ్చి, శివసత్తిని వేరే ఆరోపంగా చూపాలి. అంతకన్నా ముందు, తమ విద్యకు కుర్రులో ఏ పేరుందో ఆ స్త్రీలనే అడిగి నమోదు చేయాలి.