పేర్లు పోయిన గాలపు ఈగలు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. పెన్షన్ రూల్సు గురించి వ్రాయగలవారు చాలామంది ఉన్నారు కనుక నేను చేపలు పట్టే గాలాల గురించి వ్రాస్తున్నాను. నవ్వకండి. నేను శాకాహారిని, జన్మలో గాలం పట్టినవాణ్ణి కాను.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నాను. పక్కింటి పెద్దావిడ ఒకరోజు రేకు డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. భర్త పోయి రెండేళ్ళయిందట. డబ్బాలో 41 ఈకల గాలాలు. ఆయన ఒక్కొక్కదాన్నీ చిన్న కాగితం కవరులో పెట్టి పైన పేరు వ్రాసుకొనేవాడు. ఇల్లు సర్దినవాళ్ళు కవర్లు చెత్తలో పారేసి, గాలాలన్నీ ఒక్కచోట పోశారు. నేను ముప్ఫయ్యేళ్ళు రికార్డు రూములో పనిచేశానని మా కోడలు చెప్పిందేమో, వీటి పేర్లు కనిపెట్టగలరా అని అడిగింది. డాకెట్ షీటు ఊడిపోయిన ఫైలు ఆర్.డిస్.దో ఎల్.డిస్.దో తేల్చలేక పడే అవస్థ మనకు తెలియనిది కాదు. కాదనలేకపోయాను.

ట్రౌట్ చల్లని ఏటి నీళ్ళలో బ్రతికే చేప. పురుగులు తింటుంది. అందుకని కొక్కేనికి ఈకలు, పట్టుదారం, ఉన్ని చుట్టి పురుగులా చేస్తారు. నీటిపైన తేలేది డ్రై ఫ్లై, మునిగేది వెట్ ఫ్లై. మునిగేదే పాతకాలంది. దానికి మెత్తని పెట్ట ఈక కడతారు, రెక్క వెనక్కి వాలి ఉంటుంది. తేలేదానికి బిరుసైన పుంజు ఈక కావాలి. ఈ తేడాతోనే ఆవిడ డబ్బాలో ఉన్నవన్నీ మునిగేవేనని తేలింది.

ఇంగ్లండులో 1496లో వింకిన్ డి వోర్డ్ అచ్చువేసిన గాలపు వేట పుస్తకంలోనే 12 ఈగల వివరం ఉంది. 1676లో చార్లెస్ కాటన్ నెలలవారీగా పెద్ద జాబితా ఇచ్చాడు. అయితే ఇవి మాటల్లో చెప్పినవే. అసలు పురుగునూ, కట్టిన పురుగునూ పక్కపక్కన రంగుల్లో చూపినవాడు ఆల్‌ఫ్రెడ్ రొనాల్డ్స్, 1836లో. ఉత్తర ఇంగ్లండులో రెక్కలే లేని రకాలు వాడేవారు. వాటిని 1885లో ప్రిట్ అనే ఆయన పుస్తకానికెక్కించాడు. నారింజరంగు పట్టుదారం మీద కౌజుపిట్ట ఈక ఒక్క చుట్టు చుడితే పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్, అంతే.

అమెరికా సంగతి వేరు. అక్కడ ఒకే ఈగకు ఊరికొక పేరు. ఒకటి కావాలని ఉత్తరం వ్రాస్తే ఇంకొకటి వచ్చేది. వెర్మాంట్‌లో గాలాల వ్యాపారం చేసే చార్లెస్ ఆర్విస్ కుమార్తె మేరీ ఆర్విస్ మార్‌బరీ ఈ గందరగోళానికి పరిష్కారం చూపింది. దేశమంతటా వేటగాళ్ళకు ఉత్తరాలు వ్రాసి, వచ్చిన జవాబులను కూర్చి, 32 రంగుల పలకలతో 1892లో పుస్తకం వేసింది. తపాలా వచ్చింది వచ్చినట్టు పర్సనల్ రిజిస్టరులో ఎక్కించే మంచి గుమాస్తా లక్షణాలన్నీ ఆవిడలో ఉన్నాయి! ఆ తరువాత 1938లో రే బెర్గ్‌మన్ పుస్తకంలో ఇంకా ఎక్కువ రంగుల బొమ్మలు వచ్చాయి. మా అబ్బాయి లైబ్రరీ నుంచి రెండూ తెచ్చి ఇచ్చాడు.

తోక, ఒళ్ళు, ఒంటిమీద మెరుపు తీగ, మెడ ఈక, రెక్క, ఈ వరుసలో చూస్తూ పోయాను. నెమలి ఈక పీచుతో చుట్టిన ఒళ్ళు, తెల్ల రెక్క ఉంటే కోచ్‌మన్. అదే ఒంటికి బూడిదరంగు రెక్క ఉంటే లెడ్‌వింగ్ కోచ్‌మన్. నడుముకు ఎర్రపట్టు ఉంటే రాయల్ కోచ్‌మన్. చిక్కల్లా వెలిసిన రంగులతోనే. ప్రొఫెసర్‌కు పసుపు ఒళ్ళు, గ్రిజ్లీ కింగ్‌కు ఆకుపచ్చ ఒళ్ళు. తోక, రెక్క మాత్రం ఒకటే. పట్టు వెలిస్తే రెండూ గడ్డిరంగే. మూడు రోజులు తలపట్టుకొన్నాక మెడ చూశాను. ప్రొఫెసర్ మెడ ఈక గోధుమరంగు, గ్రిజ్లీ కింగ్‌ది తెలుపు నలుపు చారలది. వయస్సు తేల్చటం ఇంకా కష్టం. పూర్వం కొక్కేనికి కన్నం ఉండేది కాదు, పట్టుపురుగు నరాన్ని కొక్కేనికే కట్టేసేవారు. కన్నపు కొక్కేలు వచ్చాక కూడా అలా కట్టినవి చాలాకాలం అమ్మారు గనుక నరాన్ని చూసి పాతదనలేము. నైలాన్ కడితే మాత్రం అది 1938 తరువాతదే.

రాయల్ కోచ్‌మన్ కథ చెప్పాలి. నెమలి పీచు త్వరగా తెగిపోతోందని న్యూయార్కులో జాన్ హెయిలీ అనే పనివాడు 1878లో నడుముకు ఎర్రపట్టు చుట్టాడు. దానికి పేరు పెట్టింది ఆర్విస్ గారి సోదరుడు. పేరులో హెయిలీ లేడు. డ్రాఫ్టు ఎవరు వ్రాసినా క్రింద సంతకం ఎవరిదో మనకు తెలుసు కదా!

మన దేశానికీ ఇందులో భాగముంది. దక్షిణాది అడవికోడి పుంజు మెడమీద మైనపు చుక్కల్లాంటి ఈకలుంటాయి. గాలాలకు బుగ్గలుగా కట్టడానికి అవి సీమకు వెళ్ళేవి. 1902లో ఇండియా ప్రభుత్వం ఈకల ఎగుమతి నిషేధించింది. ఆవిడ డబ్బాలో రెండింటికి అవి ఉన్నాయి. ఎంత దూరం వచ్చారురా అనుకొన్నాను.

మొత్తం 34 తేలాయి. పేర్లు వ్రాసి కవర్లలో పెట్టాను. మిగిలిన ఏడూ ఏ పుస్తకంలోనూ లేవు. వాటిలో ఒకదాని ఒంటికున్న నీలం ఉన్నిని ఆవిడ గుర్తుపట్టింది. ఆయనకు తను అల్లిన స్వెట్టరుదట. ఆ కవరు మీద ఆయన పేరే వ్రాశాను.