పదకొండు నెలల ఊరు

వేసవి సెలవులు సగం దాటేసరికి ఖమ్మం శివారు ఖానాపురం హవేలిలో గేట్లకు అట్టముక్కలు వేలాడతాయి. ‘టు లెట్’ అని పెద్దక్షరాలు, కింద ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని చిన్నక్షరాలు. బడులు జూన్ 12న తెరుస్తారు. ఆషాఢం వచ్చిందంటే కొత్త ఇంట్లో పాలు పొంగించరు. కాబట్టి జ్యేష్ఠం దాటకుండా సామాను దించేయాలి. అధికమాసమో, మూఢమో అడ్డొచ్చిన ఏడు ఈ హడావిడి రెట్టింపు. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు మంచినీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయని అడుగుతారు. ఓనరుగారు ఉద్యోగం ఎక్కడ, ఎంతమంది ఉంటారు, చుట్టాలు తరచూ వస్తారా అని అడుగుతారు. ఇంటిపేరు అడిగే తీరులోనే కులం ఆరా కూడా అయిపోతుంది.

ఈ అద్దె ఇళ్ళ ఊరు నిన్నమొన్నటిదాకా కాగితాల మీద పల్లె. జనగణన లెక్కల్లో మాత్రం పట్టణం. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్ళలో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉంటే చాలు, పాలన పంచాయతీదే అయినా జనగణన శాఖ దాన్ని ‘సెన్సస్ టౌన్’ అని రాసుకుంటుంది. ఖానాపురం హవేలి అలాంటిదే. 2012 అక్టోబరులో ఖమ్మం మున్సిపాలిటీ కార్పొరేషన్ అయినప్పుడు వెలుగుమట్ల, బల్లేపల్లి వంటి పంచాయతీలతో పాటు ఇదీ అందులో కలిసిపోయింది. ఊరి పేరు పోలీస్ స్టేషన్ బోర్డు మీద నిలిచింది.

మరి ఇంతమంది అద్దెకుండేవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు?

నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది. ఆ దారిలో ఖమ్మంమెట్టుకు స్టేషన్ వచ్చింది, సరుకుతో పాటు మనుషుల రాకపోకలూ పెరిగాయి. అసలు మలుపు 1953 అక్టోబరు 1. వరంగల్ జిల్లాను చీల్చి ఖమ్మం జిల్లా చేశారు. కలెక్టరేటు, జిల్లా కోర్టు, ఖజానా, వాటి వెనకే బదిలీల మీద వచ్చే గుమస్తాలు, టీచర్లు, ఇంజనీర్లు. 1956లో ఎస్.ఆర్. అండ్ బి.జి.ఎన్.ఆర్. కాలేజీ, ఆ తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ పనులు, 1998లో మమత మెడికల్ కాలేజీ. ఇలా ఒక్కో సంస్థా కొంతమందిని పట్నానికి తెచ్చింది. మూడేళ్ళకో బదిలీ ఉన్నవాడు ఇల్లు కట్టుకోడు, పోర్షన్ వెతుక్కుంటాడు.

ఇంకో కారణం అడవి వైపు ఉంది. భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చాయి. ఆ ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ గిరిజనేతరులు స్థిరాస్తి కొనడానికి వీల్లేదని 1970 నాటి నిబంధన చెబుతుంది. జనం నోట అది ‘వన్ ఆఫ్ సెవెంటీ’. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. ఆదివాసీ భూమికి అది కంచె. ఏజెన్సీలో కొలువు చేసే మైదానపు ఉద్యోగికి మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యే ప్లాటు కావాలంటే చూపు ఖమ్మం వైపు తిరుగుతుంది. అలా కొని కట్టిన డాబాలో ఓనరు ఉండకపోయినా కింద రెండు, పైన రెండు పోర్షన్లు వేస్తే నెలనెలా రాబడి.

ఇక చట్టం సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం ప్రధానంగా మున్సిపాలిటీల కోసం చేసింది. పక్కనే ఉన్న పంచాయతీలో అద్దెకున్నవాడికి దాని నీడ లేదు. పట్నంలోనూ 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు మినహాయింపు ఇచ్చారు. కొత్తగా ఇళ్ళు కట్టేవాళ్ళు వెనకాడకూడదన్నది ఉద్దేశం. అప్పటి కొత్త ఇళ్ళు పాతబడినా మినహాయింపు అలాగే ఉండిపోయింది. పాతికేళ్ళు గడిచాక, 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. ప్రభుత్వం వెంటనే ఇంకో గీత గీసింది: నెలకు 1,000 రూపాయలు దాటిన అద్దెలకు చట్టం వర్తించదు. 2005లో ఆ గీతను కార్పొరేషన్లలో 3,500కు, మిగతా చోట్ల 2,000కు జరిపారు.

కాబట్టి 2012లో ఖానాపురం హవేలి చట్టం పరిధిలోకి వచ్చింది గానీ, రెండు గదుల పోర్షన్లు చాలావరకు గీతకు అవతలే ఉన్నాయి. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే అద్దె చట్టం చేసుకుంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా చట్టం ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది. నమూనాను రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటే తప్ప అది ఎవరినీ కట్టేయదు.

ఓనర్ల భయమూ ఉత్తది కాదు. ఒకసారి ఇచ్చిన ఇల్లు తిరిగి చేతికి రాదేమోనన్న అనుమానం దేశమంతా ఉంది. 2011 జనగణన పట్టణాల్లో కోటికి పైగా ఇళ్ళు ఖాళీగా ఉన్నాయని లెక్కతేల్చింది. 1961లో పట్టణ కుటుంబాల్లో సగానికి పైగా అద్దెకుంటే, 2011 నాటికి అది సుమారు 27 శాతానికి దిగింది.

చట్టం చేయని పని ఇక్కడ స్టాంపు కాగితం చేస్తుంది. డాక్యుమెంట్ రైటర్ దగ్గర టైపు చేసిన నమూనా సిద్ధంగా ఉంటుంది, పేర్లు, తేదీలు మారుస్తాడంతే. గడువు పదకొండు నెలలు. ఏడాది దాటిన కౌలుకే రిజిస్ట్రేషన్ కావాలన్న నమ్మకంతో, ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒక నెల కోస్తారు. అద్దె ఏ తారీఖులోగా కట్టాలి, ఏటా ఎంత పెంచాలి, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఎవరు వేయించాలి, అన్నీ అందులోనే. కరెంటుది వేరే లెక్క. నాలుగు పోర్షన్లకూ ఒకే మీటరుంటే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులో పడతాయి. అందుకే లోపల సబ్‌మీటర్లు బిగించి, యూనిట్‌కు ఇంత అని ఓనరే రేటు కడతాడు. మేడమీద మోటారు స్విచ్ మాత్రం ఆయన చేతిలోనే.

పదకొండో నెల చివర కాగితం తిరగరాయకుండా అద్దె ఇస్తూ, తీసుకుంటూ పోతే అది నెలవారీ కౌలు కిందికి వస్తుంది. అప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఖాళీ చేయమనడానికి పదిహేను రోజుల నోటీసు చాలు. ఆ నోటీసు దసరా తర్వాత వస్తే, పిల్లల బడి, వ్యాన్ రూటు మారకుండా అదే వీధుల్లో ఇల్లు వెతుక్కోవాలి. అప్పటికి టు లెట్ అట్టలు చాలావరకు దిగిపోయి ఉంటాయి.